ఆకులోని నీళ్లు పురుగు నోటిదాకా చేరాలంటే

ఎండాకాలం పంట పట్టేవాళ్లు గుడ్లకు ఆర్డరు పెట్టేముందు ఇది ఒకసారి చదువుకోండి. పోయిన నెల గ్రూపులో ఒకరు "ఎండలు ముదిరినయ్, పురుగులకు నీళ్లు తాపొచ్చా" అని అడిగితే చాలామంది నవ్వే బొమ్మలు పెట్టారు. మేము పెట్టలేదు. పట్టుపురుగు నీళ్లు తాగదన్నది నిజమే. కానీ దాని ఒంటికి నీళ్లు కావాలి, ఆ నీళ్లు ప్రతి చుక్కా ఆకులోంచే రావాలి. లేత మల్బరీ ఆకు నూరు గ్రాములు తీసుకుంటే అందులో 75 నుంచి 80 గ్రాములు నీళ్లే. ముదురాకులో 70 చుట్టుపక్కల. తోటలో కోసిన కాడి నుంచి బెడ్డు మీద పడేదాకా ఆ నీళ్లు ఎన్ని మిగిలినయ్ అన్నదాని మీదనే ఎండాకాలం పంట నిలబడ్డదా పడ్డదా తేలుతుంది. మాకు ఇది ఒక పంట పోయినాక తెలిసింది.

మాది నాందేడ్ జిల్లా ధర్మాబాద్ తాలూకా. ఇంట్లో తెలుగు, బజారులో మరాఠీ. నల్లరేగడిలో ఎకరంన్నర వీ-1 మల్బరీ, గట్టు పక్కన రేకుల షెడ్డు. ఏప్రిల్, మే నెలల్లో 42 డిగ్రీలు దాటడం మాకు కొత్త కాదు.

మూడేండ్ల కిందటి ఏప్రిల్ సంగతి. 100 గుడ్ల పంట పెట్టినం. చాకీ పురుగులు కొని తెచ్చుకున్నం. నాలుగో జ్వరం దాకా ఏ ఇబ్బందీ లేదు. (జ్వరం అంటే ఇక్కడి మరాఠీవాళ్లకు అర్థం కాదు, వాళ్లు 'కాత్' అంటారు, తోలు విడవడం.) జ్వరం లేచిన రెండో రోజు మోటారు కాడి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. ఆరు రోజులు డ్రిప్పు నడవలేదు. తోట పచ్చగనే కనిపించింది, మట్టి చేతికి తడిగనే తగిలింది, అందుకని మేము భయపడలేదు. కొమ్మలు కోసే కూలోళ్లు మిర్చి పనికి పోయి మా తోటకు వచ్చేసరికి పదకొండు అయ్యేది. కోసిన కొమ్మలు బండి మీద ఎండలో కాసేపు, షెడ్డు పంచలో కుప్పగా కాసేపు. మేత వేసేసరికి రెండు గంటలు.

పురుగులు కొమ్మ మీదికి ఎక్కేవి, అంచులు కొరికేవి, వదిలేసేవి. మిగిలిన ఆకు పట్టుకుంటే కరకరమనేది. ఆకు ఎక్కువైంది కాబోలు అనుకున్నం. పురుగు మొత్తం తినే మేతలో నూటికి 80 పైన ఐదో దశలోనే తింటుంది, ఆ దశలో ఆకు మిగిలిందంటే అనుమానం రావాలె. మాకు రాలేదు. ఐదో రోజుకు పురుగుల నిగనిగ పోయింది, ఒళ్లు సన్నబడ్డది. తర్వాత మెత్తబడి, నల్లబడి, వాసన. ఫ్లాచరీ. 65 కిలోలు రావలసిన చోట 22 కిలోల గూళ్లు దిగినయ్, అవీ పలుచనివి. బిడ్డ డిప్లొమా ఫీజు ఆ పంట మీదనే పెట్టుకున్నం. చివరికి అవ్వ మెడలోని గొలుసు తాకట్టుకు పోయింది.

కోపం వచ్చి మేము చాకీ ఇచ్చినవాళ్ల మీద పడ్డం, ఫోన్‌లో మాటలు పెరిగినయ్. అదే బ్యాచి పురుగులు పక్క ఊళ్లో మంచిగ పండినయని తెలిసినాక మా నోరు మూతపడ్డది. ఈ మాట గ్రూపులో రాయడానికి మూడేండ్లు పట్టింది.

తప్పు ఎక్కడుందో మొదట పట్టింది మా అవ్వ. ధర్మాబాద్ అంగట్ల ముప్పై ఏండ్లు ఆకుకూరలు అమ్మిన మనిషి. షెడ్డు పంచలో వాడిన కొమ్మల కుప్ప చూసి అన్నది: "తోటకూర కట్టను మీ లెక్క ఎండల పెట్టుకుంటే ఎవడు కొంటడు బిడ్డా? మేము మబ్బుల కోసి, తడి గోనె కప్పుకొని పోతుంటిమి. నీ పురుగుకు నోరు లేదు. బేరం ఆడదు, తినుడు మానేస్తది."

ఆ తర్వాత ఈ నీళ్ల సంగతి పట్టుకొని చదివినం, పట్టు శాఖ సార్లను అడిగినం, ఇంట్లో తక్కెడ పెట్టి తూచినం. అర్థమైనంత రాస్తున్నం.

నీళ్లు ఆవిరి కావాలంటే మరగాల్సిన పని లేదు. దండెం మీద తడి తువాల ఎట్ల ఆరుతుందో అట్లనే. నీళ్లలో కంటికి కనపడని కణాలు ఎప్పుడూ కదులుతూ ఉంటయ్, కొన్ని మెల్లగా, కొన్ని జోరుగా. జోరుగా ఉన్నవి పైపొర దాటి గాలిలోకి ఎగిరిపోతయ్. మెల్లగా ఉన్నవి మిగులుతయ్ కాబట్టి మిగిలిన నీళ్లు చల్లబడతయ్. రంజన్‌లో నీళ్లు చల్లగుండేది ఇందుకే. ఆవిరి తనతో ఎంత వేడి ఎత్తుకుపోతుందో చెప్పాలంటే: పొయ్యి మీద ఒక లీటరు నీళ్లు మరిగే దాకా తేవడానికి పట్టే వేడి కంటే, ఆ మరిగే నీళ్లను మొత్తం ఆవిరి చెయ్యడానికి ఆరు రెట్లకు పైన వేడి కావాలి. గాలి పొడిగా ఉంటే, ఎండ ఉంటే, గాలి వీస్తే, నీళ్లు ఎక్కువ జాగాలో పరుచుకొని ఉంటే ఆవిరి ఎక్కువ. మా ఏప్రిల్‌లో ఈ నాలుగూ కలిసి వస్తయ్.

లెక్క చూడండి. మరాఠ్వాడాలో నడి ఎండాకాలం తెరిచి ఉన్న నీళ్లు రోజుకు 10 మిల్లీమీటర్ల దాకా తగ్గుతయ్, వడగాలి కొట్టిన రోజు ఇంకా ఎక్కువే. 30 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పున్న శేత్‌తళే, అంటే మన పొలం కుంట ఉందనుకోండి, రోజుకు 9,000 లీటర్లు గాలికే పోతయ్. మాకు పక్కనే బాబ్లీ బ్యారేజీ ఉంది. 2013లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చినాక జూలై 1 నుంచి అక్టోబరు 28 దాకా గేట్లు ఎత్తి ఉంచాలి, మార్చి 1న 0.6 టీఎంసీ కిందికి వదలాలి. ఈ తారీఖులు గోదావరికి అటూ ఇటూ ఉన్న రైతులకు నోటికి వస్తయ్. రెండు రాష్ట్రాలు అంత కొట్లాడి పంచుకున్న నీళ్లలో ఎండ తన వాటా ఎవరినీ అడగకుండా తీసుకుపోతుంది, దాని మీద ఏ కోర్టులో కేసు వేస్తం?

ఇక ఆకు దగ్గరికి వద్దాం. ఆకు లోపల అంతా తడి, బయట గాలి పొడి. మధ్యలో ఉన్నది సన్నటి మైనపు పొర. ఆ పొరలోంచి నీళ్లు పోయేది బహు తక్కువ. కానీ ఆకు గాలి పీల్చుకోవాలి, గాలిలోని బొగ్గుపులుసు వాయువుతోనే అది తిండి తయారు చేసుకుంటుంది. అందుకని పొరలో సందులు ఉంటయ్, వాటిని పత్రరంధ్రాలు అంటారు. చదరపు మిల్లీమీటరుకు వందల లెక్కన ఉంటయ్. మల్బరీకి ఇవి ఆకు అడుగు వైపే, ఎండ నేరుగా తగలని వైపు. ఒక్కో రంధ్రానికి రెండు పెదవుల లాంటి కణాలు. వాటిలో నీళ్లు నిండితే ఉబ్బి వంగి నోరు తెరుచుకుంటుంది. నీళ్లు తగ్గితే సడలి మూసుకుంటుంది. వేర్లకు తడి అందకపోతే చెట్టులో అబ్సిసిక్ ఆమ్లం అనే పదార్థం తయారై ఆకుకు కబురు పోతుంది, వాడిపోకముందే నోళ్లు మూతపడతయ్.

నోరు మూస్తే నీళ్లు మిగులుతయ్, కానీ తిండి తయారీ ఆగుతుంది. పైగా ఆవిరి ఆగితే ఆకు చల్లబడే దారి కూడా పోతుంది, ఎండలో కాగుతుంది. వేరు పీల్చిన నీళ్లలో నూటికి 95 పైన ఆవిరై పోయేవే, చెట్టు ఒంట్లో ఉండేది కొంచెమే. ఎంత సేపు నోరు తెరవాలి, ఎంత సేపు మూయాలి అన్నది చెట్టుకు రోజువారీ లెక్క.

కిన్వట్ అడవి దిక్కు పోతే ఎండాకాలం ఈ లెక్కలు కండ్ల ముందరే కనపడతయ్. టేకు చెట్టు ఆకంతా రాల్చి మోడై నిలబడుతుంది, ఆకే లేకపోతే పోయేదేముంది. మోదుగ కూడా అంతే, ఆకు రాల్చి పూలు పూస్తుంది. జిల్లేడు ఆకు మందం, దాని మీద తెల్లటి పొడి, వేలితో తుడిస్తే వస్తుంది. గన్నేరు తన రంధ్రాలను ఆకు అడుగున గుంటల్లో దాచి పైన నూగు కప్పుకుంటుంది, గాలి తగలకుండా. నాగజెముడు ఇంకా తెలివైంది, పగలంతా నోరు మూసుకొని రాత్రి తెరుస్తుంది. జొన్న మిట్టమధ్యాహ్నం ఆకు చుట్టుకుంటుంది. అర్ధాపూర్ దిక్కు అరటి తోటల్లో చూడండి, ఎండ ముదిరితే ఆకు రెండు పక్కలా ఈనె మీద నుంచి కిందికి వాలుతుంది. మల్బరీకి ఇన్ని విద్యలు లేవు. పలుచటి ఆకు, వెడల్పు ఆకు, లేతగా ఉండాలని మనమే అట్లాంటి రకాలు ఎంచి పెంచుకున్నం. దానికున్నది నోరు మూసుకోవడం ఒక్కటే. అది చేసిందంటే మనకు దిగులు పడాల్సిన రోజు వచ్చినట్టు.

మా తోటలో ఆ ఆరు రోజులు జరిగింది అదే. నల్లరేగడి బంకమట్టి నీళ్లను గట్టిగా పట్టి ఉంచుతుంది. చేతికి తడి తగిలినా వేరు లాగితే రాదు. పొద్దున పదింటికే ఆకులు నోళ్లు మూసుకున్నయ్, వేడెక్కినయ్, గట్టిపడ్డయ్. చెట్టు బతికింది, తనను తాను కాపాడుకుంది. మన పురుగు సంగతి దానికెందుకు?

పొద్దున ఆకే ఎందుకు కోయాలో కూడా ఇక్కడే ఉంది. రాత్రి రంధ్రాలు చాలా మటుకు మూసుకొని ఉంటయ్, వేరు మాత్రం పీలుస్తూనే ఉంటుంది. తెల్లారేసరికి ఆకు నిండు కుండ. ఇది కొత్త సంగతి కాదు. ఇంగ్లండులో స్టీఫెన్ హేల్స్ అని ఒక చర్చి పాదిరి ఉండేవాడు. కుండీలో పొద్దుతిరుగుడు మొక్క పెట్టి, మట్టిలోంచి ఆవిరి పోకుండా పైన సీసపు రేకు మూసి, పొద్దున, మాపు తూచాడు. పగలు సగటున అర కిలోకు పైన తగ్గింది, రాత్రి తగ్గింది చాలా కొంచెం, మంచు పడిన రాత్రి అసలు తగ్గలేదు. 1727లో పుస్తకంలో అచ్చు వేశాడు. అంగట్లో కూర్చున్న మా అవ్వకు ఆ పాదిరి పేరు తెలియదు, కానీ కోత వేళ మాత్రం తెలుసు.

ఒక మాట ఒప్పుకోవాలి. సాయంత్రం కోసిన ఆకులో పగలంతా తయారైన చక్కెర, పిండి ఎక్కువ ఉంటయ్, నీళ్లే తక్కువ. అందుకే పెద్ద పురుగులకు పొద్దుగూకే వేళ చల్లబడినాక కోసినా నష్టం లేదు. చాకీ పురుగులకు మాత్రం పొద్దున ఆకే. పదింటి నుంచి నాలుగింటి మధ్య ఇప్పుడు మా తోటలో కొడవలి పట్టం, కూలోళ్లు రాకపోతే మేమే కోసుకుంటం, సగం కోసినా సరే.

కోసిన తర్వాత ఏమవుతుందో మేము తూచి చూసినం. పోయిన మార్చి చివర, పొద్దున ఆరున్నరకు కోసిన ఆకు, 1,000 గ్రాముల చొప్పున మూడు వాటాలు. ఒకటి విడి ఆకు, పంచలో నీడకే పరిచినం. ఇంకోటి విడి ఆకే, తడి గోనె గుడ్డ కప్పి లోపలి గదిలో పెట్టినం. మూడోది కొమ్మకే ఉంచిన ఆకు, నిలబెట్టి వదులుగా తడి గోనె చుట్టినం. పన్నెండున్నరకు తూస్తే నీడకు పరిచింది 790 గ్రాములు. గోనె కప్పినది 960. కొమ్మల కట్ట 970 పైనే. ఎండలో కాదు, నీడలోనే 210 గ్రాములు గాలికి పోయినయ్! ఆకు రంగు మాత్రం మూడింటిదీ పచ్చనే, దూరం నుంచి తేడా తెలియదు. మా తక్కెడ కూరగాయల తక్కెడ, అటూ ఇటూ ఉండొచ్చు. మీరూ తూచి చూడండి.

కోసిన ఆకు కాసేపట్లో రంధ్రాలు మూసుకుంటుంది. ఆ తర్వాత పోయేది మైనపు పొరలోంచి మెల్లగా. కానీ ఆకును నలిపితే, చింపితే, ముక్కలు కోస్తే పొర తెగి నీళ్లకు కొత్త దారులు పడతయ్. కొమ్మ మేతలో ఆకు ఎక్కువ సేపు నిలబడేది ఇందుకే, ఆకు తెగదు, కొమ్మలోని తడి కొంత సేపు ఆకుకు అందుతుంది. అట్లని తడి ఉండాలని అదిమి కుప్ప వేస్తే ఇంకో కీడు. కోసిన ఆకు ఊపిరి తీసుకుంటూనే ఉంటుంది, దాని వేడి కుప్పలోనే నిలిచి లోపలి ఆకు ఉడికినట్టు పసుపుబారుతుంది. కుప్పలో చెయ్యి పెట్టి చూడండి, వెచ్చగా తగిలిందంటే విడదీసి నిలబెట్టండి. నీళ్లు ఆకు మీద చల్లవద్దు, గోనె మీద చల్లండి. పైన చల్లిన నీళ్లు ఆకు లోపలికి పోవు, బెడ్డు మీదకి దిగి రోగం తెస్తయ్.

తోటలో నీళ్ల ఆదాకు మేము చేసింది రెండే పనులు. కొమ్మలు కోసినాక తోట బోడిగా ఉండే పదిహేను ఇరవై రోజులు నేలకు నీడ ఉండదు, అప్పుడు ఆవిరి నేరుగా మట్టి నుంచే. ఆ రోజుల్లో సాళ్లలో చెరకు చెత్త, పురుగులు తిన్నాక మిగిలిన పుల్లలు పరుస్తం. రోగం వచ్చిన బెడ్డు పుల్లలు మాత్రం తోటకు తేవద్దు. రెండోది గుంటుక. నల్లరేగడి పగుళ్లు ఇస్తే ఆ పగుళ్ల గోడల నుంచి లోపలి తడి కూడా పోతుంది. పైపైన గుంటుక తోలి పగుళ్లు పూడిస్తే ఆ పొడి మట్టే దుప్పటి. డ్రిప్పు రాత్రి పూట పెట్టుకోవడం అందరికీ తెలిసిందే.

షెడ్డులో కథ వేరు. ఇక్కడ ఆవిరి మనకు చుట్టమే, కాలం చూసి పిలవాలి అంతే. గోడకు రెండు థర్మామీటర్లు పెట్టుకోండి, ఒకటి పొడిది, ఇంకోదాని బుడ్డికి తడి గుడ్డ చుట్టినది. మా దగ్గర ఏప్రిల్ మధ్యాహ్నం పొడిది 40 చూపితే తడిది 23 చూపుతుంది. ఆ 23 ఉందే, నీళ్లు ఎన్ని చల్లినా అంతకు కిందికి దిగదు, కానీ దాని వైపు దిగే దారి మాత్రం ఉంది. తేడా 17 డిగ్రీలు. అందుకే పడమటి కిటికీలకు తడి గోనెలు, రేకుల మీద గడ్డి పరిచి నీళ్లు, ఎదురు గోడకు పైన గాలి పోయే సందు. ఆ సందు లేకపోతే తడి గాలి లోపలే నిండి ఆవిరి ఆగిపోతుంది, చల్లదనమూ ఆగుతుంది. మేము మొదట అన్నీ మూసేసినం, షెడ్డు ఆవిరి కుడుముల గిన్నె అయింది. ఐదో దశ పురుగుకు 24, 25 డిగ్రీలు, తేమ 65 నుంచి 70 శాతం కావాలంటారు. ఏప్రిల్‌లో మాకు 24 రాదు. 30 లోపల పట్టగలిగితే మా షెడ్డుకు అదే గొప్ప.

అదే ఆగస్టులో పొడిది 28, తడిది 26. తేడా రెండే. అప్పుడు గోనెలు తడిపితే చల్లబడేది ఏమీ లేదు, తేమ పెరిగి సున్నపుకట్టు రోగాన్ని పిలిచినట్టే. ఎండాకాలం అలవాటున వానాకాలం కూడా నీళ్లు చల్లేవాళ్లను చూసినం. జ్వరంలో కూర్చున్నప్పుడు కూడా తడి వద్దు, బెడ్డు పొడిగా ఉండాలి, సున్నం చల్లేది అందుకే.

చంద్రికల మీదికి ఎక్కించినాక మొత్తం తిరగబడుతుంది. అప్పటిదాకా నీళ్లు పోకుండా కాపాడినం కదా, ఇప్పుడు పోనివ్వాలి. గూడు కట్టే ముందు పురుగు ఒంట్లోని నీళ్లు మూత్రంగా వదులుతుంది. దాని గ్రంథిలోని పట్టు కూడా నీళ్లతో నిండిన చిక్కటి ద్రవమే, బయటికి లాగుతుంటే ఆరి దారం అవుతుంది. 100 గుడ్లంటే ముప్పై నలభై వేల పురుగులు, అన్నీ ఒకేసారి నీళ్లు వదులుతుంటే గదిలో గాలి తడిసిపోతుంది. గాలి ఆడకపోతే దారం పొర మీద పొర అంటుకుంటుంది, తర్వాత రీలింగులో తెగుతుంది. జాల్నా మార్కెట్‌కు పోయినప్పుడు కొనేవాడు గూడు నొక్కి, ఊపి చూసి ధర తగ్గించేది ఇట్లాంటి సరుకుకే. చంద్రికల కింద పాత పేపర్లు పరచండి, తడిసినవి తీసెయ్యండి, కిటికీలు తెరవండి, గోనెలు విప్పెయ్యండి.

పోయిన ఏప్రిల్ పంటలో 100 గుడ్లకు 58 కిలోలు తీసినం. అవ్వ గొలుసు దసరాకు విడిపించినం. ఈసారి ఏప్రిల్ రెండో వారంలో చాకీ దింపుకుంటం. రోజూ పొద్దున, మధ్యాహ్నం రెండు థర్మామీటర్ల అంకెలు, కోసిన వేళ, మేత వేసిన వేళ గ్రూపులో పెడతం. మీలో ఎవరైనా మూడు వాటాల ఆకు తూస్తే మీ ఊరి పేరు, వేళ, గ్రాములు రాసి పెట్టండి. ఎర్రనేలల్లో, గాలి ఎక్కువ ఉండే ఊళ్లలో లెక్క ఎట్ల వస్తదో చూడాలని మాకు ఉంది.